ఎస్తర్ తెరిచిన ఇల్లు

ఎడపల్లి దాటాక బోధన్ రోడ్డు విడిచి చెరుకు తోటల్లోకి మళ్లితే పెద్ద చెరువు, దాన్ని ఆనుకుని ఓ చిన్న ఊరు వస్తాయి. ఎస్తర్ పుట్టింది అక్కడే. నిజామాబాద్‌లో ఓ హాస్టల్లో ఏళ్ల తరబడి వంట చేసి, ఒంటరిదై మళ్లీ ఆ ఊరికే చేరింది.

చలికాలంలో చెరువు మీద దిగే పక్షులను చూడ్డానికి పట్నం వాళ్లు కెమెరాలతో వచ్చేవారు. నిలువ నీడ లేక, తినడానికేమీ దొరకక గంటలో వెనుదిరిగేవారు. ఎస్తర్ ఇరుగుపొరుగు ఆడవాళ్లను కూడగట్టింది. ఇంటికో గది సున్నం వేసుకుని సిద్ధమైంది. భోజన్న తన పడవ మీద వాళ్లను చెరువులో తిప్పేవాడు. పక్కింటి నర్సవ్వ బెల్లం వండే చోటికి తీసుకెళ్లి వేడి పాకం రుచి చూపించేది. వంట ఎస్తర్‌ది. వచ్చినవాళ్లను ఊరంతా ‘సుట్టాలు’ అనేది.

కరోనాతో సుట్టాలు ఆగిపోయారు. రెండోసారి విరుచుకుపడినప్పుడు అది భోజన్నను పొట్టన పెట్టుకుంది. అప్పటికి బయటివాళ్లు ఊళ్లో అడుగుపెట్టి ఏడాది దాటింది. అయినా నింద వాళ్ల మీదే పడింది, వాళ్లను పిలిచిన ఎస్తర్ మీదా పడింది. భోజన్న భార్య వెంకటవ్వ ఆమెను చూస్తే తలుపు వేసుకునేది. ఎస్తర్ వాదించలేదు. రోజూ కూర గిన్నె గుమ్మంలో పెట్టి వచ్చేసేది. సాయంత్రానికి కడిగిన గిన్నె ఎస్తర్ ఇంటి గోడ మీద ఉండేది. మాట మాత్రం లేదు.

రోగం తగ్గి, వస్తామంటూ సుట్టాల ఫోన్లు మళ్లీ మోగేసరికి గదుల్లో యూరియా బస్తాలు చేరాయి. ఆడవాళ్లు బీడీలు చుట్టడంలో పడ్డారు. పంచాయతీ దగ్గర ఊరు కూడినప్పుడు చెరుకు రైతు సురేందర్ లేచి నిలదీశాడు.

“మల్ల బయటోళ్లను పిలుస్తవా అక్కా? ఒక్క మనిషిని మింగింది సాలదా?”

“నీ భయం తప్పుగాదు తమ్మీ. నాకు గూడ భయమే ఉన్నది” అంది ఎస్తర్. “ముందుగాల నా ఇల్లొక్కటే తెరుస్త. ఏమన్నయితే నాకే అయితది. మీరు సూడుండ్రి. మనసొప్పినంకనే మీ తలుపులు తియ్యుండ్రి.”

ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఆమె ఒక్కతే వండింది, ఊడ్చింది, పక్కలు ఉతికి ఆరేసింది. వచ్చేవాళ్లు తక్కువ. ఒక్కో వారం ఎవరూ వచ్చేవారు కాదు.

వానాకాలంలో హైదరాబాద్ నుంచి ఒకాయన కారులో దిగాడు. చెరువు గట్టున గుడారాలు వేసి, మందు, డీజేలతో పార్టీలు పెడతానన్నాడు. ఆడవాళ్ల కళ్లల్లో ఆశ మెరిసింది. ఎస్తర్ మాత్రం తల అడ్డంగా ఊపింది.

“తుమ్మచెట్ల మీద కొంగలు పిల్లల్ని సాకుతున్నయి సారూ. గా సప్పుడుకు గూళ్లు ఇడిసిపోతయి. మా ఆడోళ్లు గట్టు మీదికి రాలేరు. మాకొద్దు.”

“ఇంటికచ్చిన బేరాన్ని ఎల్లగొడ్తివి గదనే!” అని నర్సవ్వ వీధిలోనే తిట్టిపోసింది. ఆ తిట్లు విని వెంకటవ్వ బయటికొచ్చింది. కరోనా తర్వాత మొదటిసారి ఎస్తర్ గడప తొక్కింది.

“గీ కాలంల మా ఆయన గా తుమ్మల దిక్కు పడవ గూడ పోనియ్యకపోతుండె. నువ్వు గది మర్సిపోలే” అంది. “పడవ గట్టు మీదనే పడి పగుల్తున్నది. నీళ్లల్లకు దింపుదాం పట్టు. నడుపుడు నాకస్తది.”

ఎస్తర్ కొంగుతో కళ్లు తుడుచుకుని ఆమె వెంట నడిచింది.

ఆ చలికాలం నిజామాబాద్ నుంచి ఓ బడి పిల్లలు, టీచర్లు వస్తామన్నారు. తీరా ముందురోజు ఎస్తర్‌కు జ్వరం తగిలింది. ఆమె దాచలేదు. ఇంటింటికీ కబురు పంపి, తలుపు వేసుకుని, పిల్లల్ని రావద్దని చెప్పడానికి ఫోన్ తీసింది. కిటికీ అవతల నర్సవ్వ గొంతు వినిపించింది.

“ఫోన్ పక్కన వెట్టు. మా అర్రల కెల్లి బస్తాలు తీసినం. నువ్వు పండుకో.”

మర్నాడు ఎస్తర్ మంచం మీంచే అంతా విన్నది. పడవలో కుదురుగా కూర్చోమని వెంకటవ్వ చెరువులోంచి పిల్లల్ని గదుముతోంది. ఆనాడు నిలదీసిన సురేందరే తన తోట చెరుకు గడలు విరిచి పంచుతున్నాడు. తను లేకుండానే నడిచిపోతోందని మొదట మనసు కాస్త చివుక్కుమంది. ఆ వెంటనే నవ్వొచ్చింది. తను కోరుకున్నది ఇదే కదా!

ఇప్పటికీ వెనకటంత రద్దీ లేదు. కొన్ని గదుల్లో బస్తాలు అలాగే ఉన్నాయి, కొందరు బీడీలు వదల్లేదు. కానీ సుట్టాలు ఎవరింట్లో దిగాలో ఇవాళ ఎస్తర్ ఒక్కతే తేల్చడం లేదు, ఊరు కూర్చుని తేలుస్తోంది. బడి పిల్లలు వచ్చిన ఆ రోజు మధ్యాహ్నమే నర్సవ్వ మళ్లీ కిటికీ దగ్గరికొచ్చి, “పులుసుల సింతపండు ఇంకింత పొయ్యాల్నా అక్కా?” అని అడిగింది.

“నీ నాలికకు ఎంత బాగుంటే గంత” అని, ఎస్తర్ ఒంటి మీదికి దుప్పటి లాక్కుంది.