పోతమ్మ కత్తిపీట

పాప పుట్టి ఇంటికొచ్చిన వారంలోనే పోతమ్మ మా గేటు ముందు చేపల బేసిన్ దించి, పాలసొర ముక్కలు ఆకులో చుట్టి ఇచ్చింది. బాలింత తింటే పాలు బాగా పడతాయంది. అప్పటికి మా పాప హేమశ్రీ ఎన్ని మిల్లీలీటర్లు తాగుతోందా అని నిద్ర మానేసి లెక్కలు వేస్తున్నాను. సొరచేపకీ పాలకీ సంబంధం ఉందని ఎవరైనా పరిశోధన చేశారేమోనని ఫోన్లో వెతికాను. ఏమీ దొరకలేదు. అయినా వండుకుని తిన్నాను. అడగకుండా నాకోసం వంటకి ఏదైనా తెచ్చిన మనిషి ఆ వారంలో ఆవిడొక్కతే.

పోతమ్మది పెదజాలారిపేట. భర్త సూరన్న ఈ వయసులోనూ బోటు మీద వేటకి వెళ్తాడు. ఆవిడ తెల్లారకుండా ఫిషింగ్ హార్బర్లో చేపల వేలంపాటకి నిలబడి, పదిమంది ఆడవాళ్లతో కలిసి ఆటోలో సీతమ్మధార వస్తుంది. మా వీధి మలుపులో క్లినిక్ గోడ వారన కూర్చుంటుంది. ఏ ఇంట్లో శనివారం తినరో, ఎవరి మామగారికి ముల్లు లేని చేప కావాలో ఆవిడకి తెలుసు. కాలి కింద కత్తిపీట అదిమిపట్టి చేప ముక్కలు కోస్తూనే, ఎవరి కోడలికి ఎన్నో నెలో చెబుతుంది. కొనేవాళ్లు సగంమంది ఆ కోతకోసమే వస్తారు. శుభ్రం చేసివ్వకపోతే మా వీధిలో చేప అమ్ముడుపోదు.

పాపకి ఆరో నెల వచ్చాక ఒక పొద్దున తనని బాల్కనీలో ఎండకి ఎత్తుకుని నిలబడ్డాను. పోలీసు జీపు మలుపులో ఆగింది. కొత్తగా వచ్చిన ఎస్సై అందులోంచి దిగకుండానే రెండు వంజరం చేపలు ఊరికే పెట్టమన్నాడు. పోతమ్మ చెయ్యి అడ్డం పెట్టి, ఇంకా బోణీ అవలేదని, మధ్యాహ్నం తనే స్టేషన్‌కి పంపిస్తానని చెప్పింది. వెనక కూర్చున్న పాత కానిస్టేబుల్ శ్రీనివాసరావుకి ఆ సంగతి తెలుసు. ఆయన ఎప్పుడూ మధ్యాహ్నమే వచ్చేవాడు. ఎస్సైకి తెలియదు, తెలుసుకోదలచుకోలేదు.

"నాకే టైం ఇస్తున్నావా?" అంటూ దిగి, బూటుతో బేసిన్ తన్నాడు. చేపలు కాలవ పక్క బురదలో పడ్డాయి. కత్తిపీట తీసి జీపులో పడేయించి, నడిరోడ్డు మీద ఆయుధం పెట్టుకుని కూర్చున్నందుకు కేసు రాస్తానని వెళ్లిపోయాడు.

నేను కిందికి దిగేసరికి పోతమ్మ చేపలు ఏరుకుంటోంది. బురద అంటినవి ఇక్కడెవరూ కొనరు, ఇంటికి పట్టుకెళ్తానంది. తర్వాత, నా వైపు చూడకుండా, స్టేషన్‌కి తనతో వస్తానా అని అడిగింది. సూరన్న సముద్రం మీద ఉన్నాడట. చదువుకున్నమ్మ పక్కనుంటే కాస్త మాట వింటారట.

నా భర్త సాయిశంకర్ అచ్యుతాపురంలో డ్యూటీలో ఉన్నాడు. ఫోన్ చేస్తే, పాపతో స్టేషన్‌కేంటి, వద్దన్నాడు. నాకూ వెళ్లాలని లేదు. పాపని వదలడానికి ఎవరూ లేరు. చివరికి ఎత్తుకునే వెళ్లాను.

స్టేషన్ బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టారు. పాప ఏడుపు మొదలుపెట్టింది. పోతమ్మ చేపల వాసన పోయేలా కొంగు తడిపి చేతులు రుద్దుకుని, పాపని తీసుకుని భుజానేసుకుంది. ఎస్సై పిలిచాక, అది ప్రతి ఇంట్లో ఉండే వంటసామానేనని, ఆవిడ ఎవరినీ బెదిరించలేదని, అంతా బాల్కనీలోంచి చూశానని చెప్పాను. దారిలో కూడబెట్టుకున్న మాటలు అక్కడితో అయిపోయాయి.

"చదువుకున్నవాళ్లు మీరు. చంటిపిల్లని ఎత్తుకుని ఇలాంటివాళ్ల వెనక తిరుగుతారా మేడమ్? సాక్షిగా రాసుకోమంటారా?" అన్నాడు. రాసుకోమన్నట్టు తల ఊపాను. ఆయన అది ఊహించలేదనుకుంటాను, మొహం తిప్పుకుని పోతమ్మని అడిగాడు, రెండు చేపలకి ఇంత గోల అవసరమా అని.

"రెండు సేపలకి కాదు బాబూ," అంది పోతమ్మ, పాప వీపు తడుతూనే. "బోనీ అవకుండా ఊరకే ఇత్తే ఏట మీదున్నోలికి మంచిది కాదని మా అత్త సెప్పింది. మా ముసిలోడు బోటు మీదున్నాడు. నాను ఎలాగిచ్చీది? ఇప్పుడడుగు, ఇత్తాను."

ఆ మూఢనమ్మకాలు తన దగ్గర చెప్పొద్దని విసుక్కున్నాడు ఎస్సై. కాసేపు ఫోన్ చూసుకున్నాడు. కత్తి పట్టుకుపొమ్మని, మళ్లీ తన ఏరియాలో రోడ్డు మీద కనిపిస్తే ఈసారి మనిషినే లోపల వేస్తానని అన్నాడు. శ్రీనివాసరావు కత్తిపీటని పాత పేపర్లో చుట్టి తెచ్చి, ఎస్సై చూడకుండా, "ఏటీ అనుకోకు పోతమ్మా" అన్నాడు.

బయటికొచ్చాక పేపరు విప్పి చూసింది. కత్తి కొన వంగింది. రాయి మీద కొట్టుకుంటే సరిపోతుందంది. కూర్చుని అమ్మడానికే ఇక చోటు లేదు.

మా గేటు లోపల కూర్చోమన్నాను. అది రోడ్డు కాదు, ఓనరు కుసుమకుమారిగారు కూడా ఆవిడ దగ్గరే కొంటారు, నేను మాట్లాడతానన్నాను. పోతమ్మ నా మాట పూర్తవకుండానే వద్దంది.

"పిల్ల రేపో మాపో పాకుద్ది. కత్తి దగ్గరికొచ్చేత్తే? నాను రాను తల్లీ."

పాప విషయంలో నాకంటే ముందు భయపడిన మనిషిని అంతవరకూ చూడలేదు. పాపని కత్తికి దూరంగా ఎలా ఉంచాలా అనే ఇంటిదాకా మాట్లాడుకుంటూ నడిచాం.

కుసుమకుమారిగారు ఒప్పుకున్నారు. ఇప్పుడు కింది వరండాకి ఇనప గ్రిల్ ఉంది. సాయిశంకర్ ఆదివారం మనిషిని తీసుకొచ్చి పెట్టించాడు. గడియ బయటివైపు, పిల్ల చేతికి అందనంత ఎత్తులో ఉండాలని పోతమ్మ పక్కన నిలబడి చెప్పి చేయించింది. వీధివాళ్లు గేటు లోపలికే వచ్చి కొనుక్కుంటున్నారు. మునుపటంత మంది కాదు. క్లినిక్‌కొచ్చే వాళ్ల బేరం పోయింది. జీపు శబ్దం వింటే ఆవిడ చెయ్యి ఆగుతుంది, నేను గేటు వైపు చూస్తాను. హేమశ్రీ మాత్రం గ్రిల్ పట్టుకుని నిలబడి, ఒక్కో పొలుసు ఎగిరినప్పుడల్లా నవ్వుతుంది.