నాయన గుండెదడతో కొమరోలు నుంచి మార్కాపురానికి

మా కొమరోలు నుంచి మార్కాపురానికి జనం పెళ్లికో పనికో పోతారు. మేము నాయన గుండె కోసం పోయాం. రాష్ట్రం విడిపోయిన మరుసటి ఎండాకాలం అది. నేను డిగ్రీ చదువుతున్నాను. గొర్రెలు కాసే నాయనకు ఆయాసం పాతదే, గిద్దలూరు డాక్టరు రాసిచ్చిన మాత్ర రోజూ వేసుకుంటాడు. ఆ వారం మాత్రం కొత్తగా గుండెదడ మొదలైంది. చెంబు పట్టుకుంటే చేతులు వణికి సగం నీళ్లు ఒలికేవి. లోపల ఎట్లుందని అడిగాను. "దొడ్లో గొర్లకు తోడేలు కనబడినట్లుంది పాపా. అన్నీ ఒకటే ఉరుకుతాండాయి, మధ్యలో ఒకటి ఎగిరి దుంకుతాంది" అన్నాడు. మా చిన్నాన్న ఇలాగే ఛాతీ పట్టుకొని కూర్చుని మళ్లీ లేవలేదు. అందుకే ఆ పొద్దు అమ్మ పొయ్యి కూడా వెలిగించలేదు.

తెల్లవారగానే బస్సెక్కాం. గిద్దలూరు ముక్కాలు గంట ప్రయాణం. ఆ కాసేపట్లోనే బస్సంతా వైద్యులైపోయారు.

"గ్యాస్ మామా. సోడా తాగితే పోతాది" అన్నాడు వెనక సీటాయన.

"గ్యాస్ కాదు, హార్టే. హైదరాబాదు తీసుకపో పాపా" అన్నాడు కండక్టరు.

"హైదరాబాదు ఇప్పుడు మనది కాదు గదబ్బా!"

"రోగానికి బార్డరేందయ్యా?"

వాళ్లు బస్టాండు దాకా వాదించుకున్నారు. నాయన ఎలా ఉన్నాడో మాత్రం ఒక్కరూ చూడలేదు. గిద్దలూరులో దిగగానే ఆయన నా మాట వినకుండా రెండు స్ట్రాంగ్ టీలు తాగాడు. అక్కడి నుంచి కంభం మీదుగా మార్కాపురానికి రెండు గంటలు, టికెట్టు అరవై రూపాయల లోపే. అయితే కంభంలో డ్రైవరు బండి ఆపేసి దిగిపోయాడు.

"అన్నా, నాయనకు గుండెదడ. తొందరగా పోనియ్యి."

"నాకు ఆకలిదడ తల్లీ. రెండు దోసెలు తిని వస్తా."

రెండు దోసెలకు అరగంట పట్టింది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

మార్కాపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ ఈసీజీ తీయించింది. కాగితం మీద గీతలు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా, ఎగుడుదిగుడుగా ఉన్నాయి.

"ఏమేం మాత్రలు వేసుకుంటాండావు పెద్దాయనా?"

"ఆయాసానిది ఒకటే తల్లీ."

"ఇంకేం లేవా?"

"ఏం లేవు."

ఆమె గీతల వైపు మళ్లీ చూసి, ఒంగోలు పంపాలి, అంబులెన్సు పిలుస్తానంది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఊరి దేవర జాతరలో మాంసం తిన్నాక నాయనకు విరేచనాలు పట్టుకున్నాయి, ఊళ్లో మందుల అంగట్లో ఏవో మాత్రలు తెచ్చుకున్నాడు.

"నాయనా, కడుపుకు మాత్రలు మింగుతాండావు గదా?"

ఆయన నా చెయ్యి గిల్లాడు. "ఆడకూతురు ముందర విరేచనాల మాటేందే? ఆమె అడిగేది గుండె సంగతి!"

"ఒళ్లు ఒకటే గదా పెద్దాయనా! ఏవీ ఆ మాత్రలు?" అని డాక్టరమ్మ చెయ్యి చాపింది.

నాయన మొహం తిప్పుకొని, తువ్వాలు కొసన కట్టుకున్న మూట విప్పాడు. మా దగ్గర అంగళ్లలో అట్ట మొత్తం ఇవ్వరు, పూటకు సరిపడా కత్తిరించి పొట్లం కట్టి ఇస్తారు. అదృష్టం బాగుండి ఆ ముక్క మీద పేరు మిగిలింది: సిప్రోఫ్లాక్సాసిన్. ఆయాసం మాత్రలో ఉండేది థియోఫిలిన్. దేనికదే మామూలు మందు. రెండూ కలిస్తే మొదటిది రెండోదాన్ని ఒంట్లోంచి తొందరగా పోనివ్వదట. రోజూ వేసుకునే మాత్రే అలా లోపల పేరుకుపోయి గుండెను ఉరికించింది. పైగా రెండు టీలు!

రెండు మందులూ ఆపించి, సెలైన్ పెట్టి, తెర మీద గుండె గీతలు కనబడే యంత్రం తగిలించి పడుకోబెట్టారు. పొద్దు వాలేసరికి గీతలు సమంగా నడిచాయి. అంబులెన్సు అవసరం లేకపోయింది. ఇకమీదట ఆయాసానికి పీల్చుకునే మందు రాసిచ్చారు. నేను ఫోన్ చేసి అమ్మకు చెప్పాను. ఫోన్లోనే, పొయ్యిలోకి పుల్ల విరిచిన చప్పుడు వినబడింది.

తిరుగు ప్రయాణమంతా ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తేలక విసిగిపోయాను. ఏమీ అడగకుండా కత్తిరించి ఇచ్చిన అంగడాయన మీదా, సిగ్గుపడి దాచిన నాయన మీదా? నాయన ఒంటిని మేమే ఊళ్లకు పంచేశాం. కడుపు కొమరోలుకు, ఆయాసం గిద్దలూరుకు, గుండె మార్కాపురానికి. లోపల పారేది మాత్రం ఒకటే రక్తం.

ఈ దారిన ఆసుపత్రికి పోయేవాళ్లకు ఒకటే సలహా. ఇంట్లో పెద్దవాళ్లు దేనికోసం ఏ మాత్ర మింగుతున్నా, అన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు బల్ల మీద పెట్టండి. వాళ్లు గిల్లితే గిల్లించుకోండి, మాట మాత్రం ఆపకండి.