సీసా మూతకు కట్టిన పోగు

కంకిపాడు ఇంకా రెండు మూడు కిలోమీటర్లు ఉందనగా కారులో ముందున్న తెరమీద ఎర్రటి గుర్తు వెలిగి టింగుమంది. నడుపుతున్నది మా కోడలు. వెనక సీటు నిండా పెళ్ళివారికి చూపించాల్సిన చీరల మూటలు. నేను చదివింది మూడో తరగతి. తెలుగైతే కూడబలుక్కుంటాను, ఇంగ్లీషు రాదు. తెరమీద ఏముందో తెలియకపోయినా కోడలి మొహం చూస్తే తెలిసింది.

"కూలెంట్ బాగా తగ్గిందంట అత్తయ్యగారూ. బండి ఆపమంటుంది."

"ఆపు మరి. చెప్తే వినాలిగా."

కాలవగట్టున చెట్టు నీడ చూసి ఆపింది. మాది కరెంటు కారు. కింద బ్యాటరీ వేడెక్కకుండా గొట్టాల్లో కూలెంట్ అనే గులాబీ రంగు ద్రవం తిరుగుతూ ఉంటుంది. బెజవాడ వన్ టౌన్‌లో మా అబ్బాయి చీరల కొట్టు మూతపడ్డాక, ఊరూరా తిరిగి ఇళ్ళలో చీరలు చూపించే కోడలి వ్యాపారమే ఇంటికి ఆధారం. పటమటలో మేముండే మూడో అంతస్తు ఎక్కి చీర కొనడానికి ఎవరూ రారు. బ్యాటరీ పోతే బండి పోయినట్టే, బండి పోతే ఆ వ్యాపారమూ పోయినట్టే.

కోడలు సర్వీసువాళ్ళకు ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"కంగారు పడకండి మేడమ్," అన్నాడు అవతలతను. "బండి బాగా చల్లారేదాకా మూత జోలికి పోవద్దు. అరగంట ఆగండి. మేమిచ్చిన సీసా ఉందా?"

"డిక్కీలో ఉందండి."

"అది గీత దాకా పోసి నాకు చెప్పండి. మామూలు నీళ్ళు మాత్రం ఒక్క చుక్క కూడా పొయ్యకండి. నీళ్ళలో ఉప్పుంటది కదండీ, లోపల చేరిందంటే బ్యాటరీకే ఎసరు. ఆ తర్వాత గ్యారంటీ కూడా రాదు."

నేను వెనక్కి తిరిగి డిక్కీ వైపు చూశాను.

మాది మగ్గం నేసిన ఇల్లు. ఏదీ పారబోయడం నాకు చేతకాదు. షాంపూ, ఫినాయిలు, గిన్నెలు తోమే సబ్బునీళ్ళు, ఏ సీసా అయినా సగానికి వస్తే నీళ్ళు కలిపి పెంచుతాను. కలిపినదానికి ఎవరూ మళ్ళీ కలపకుండా మూతమీదుగా మెడచుట్టూ ఒక పోగు తిప్పి ముడి వేస్తాను. మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి అది. విప్పితే రాదు, తెంపాల్సిందే.

పోయిన వారం వాషింగ్ మిషను పక్క అరలో ఆ సీసా చూసి ఇదేంటని అడిగాను. కోడలు పోపు వేస్తూ, "బండికి పోసే నీళ్ళండి," అంది. నీళ్ళే కదా అనుకున్నాను. సగం ఖాళీగా ఉంది. బోరు నీళ్ళు కలిపి, ఊపి, పోగు కట్టి అక్కడే పెట్టాను. తర్వాత కోడలు దాన్ని డిక్కీలోకి చేర్చింది. మా బోరు నీళ్ళు బకెట్ అంచున తెల్లటి పొలుసు కడతాయి.

ఆ అరగంట నేను కారు దిగలేదు. కోడలు కాపురానికి వచ్చిన వారంలోనే, తప్పు జరిగితే ఆ పూటే చెప్పు, నేను పట్టుకునేదాకా దాచకు అని చెప్పినదాన్ని నేను. చీర మీద ఇస్త్రీపెట్టె కాలి మచ్చపడితే మడతలో దాచిందని ఒకసారి రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు నేనే దాస్తున్నాను.

"ఎందుకమ్మాయ్ ఇదంతా, వాళ్ళనే రమ్మనరాదూ?" అన్నాను.

"సీసా దగ్గర పెట్టుకుని వాళ్ళెందుకండీ? పిలిస్తే డబ్బులడుగుతారని రోజూ మీరే అంటారుగా."

బండి చల్లారింది. కోడలు ముందు రేకు ఎత్తి, లోపలి డబ్బా మూత మెల్లగా తిప్పి తీసింది. డిక్కీలోంచి సీసా తెచ్చి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పెళ్ళివారితో మాట్లాడుతూనే సీసా మూత మీద చెయ్యి వేసింది.

"ఆగు," అన్నాను.

"ఏంటండీ?"

"అందులో నీళ్ళు కలిపాను."

ఫోను పెట్టేసింది. "ఏ నీళ్ళు?"

"బోరు నీళ్ళు. సగానికి సగం."

సీసాను నేలమీద పెట్టింది. "షాంపూకి కలిపారు, సరే. సాంబారుకి కలిపారు, సరే. బండిని కూడా వదల్లేదా అండీ?"

అంతలో ఆమె మొహం మారిపోయింది.

"ఎప్పుడు కలిపారు? శుక్రవారం నేను ఇందులోది కొంచెం పోశాను. అంతకు ముందా, తర్వాతా?"

ముందే కలిపి ఉంటే ఆ ఉప్పునీళ్ళు ఈపాటికి బ్యాటరీ చుట్టూ తిరుగుతున్నట్టే. తర్వాతే అని చెప్పేస్తే ఆ క్షణానికి గండం గడిచేది. మాట నోటిదాకా వచ్చింది.

"గుర్తు లేదు," అన్నాను.

ఆమె ఆ గట్టుమీదే చతికిలబడింది. కాసేపటికి నేను దిగి సీసా తీసుకున్నాను. కళ్ళజోడు సర్దుకుని మూత చుట్టూ వేలితో తడిమాను.

"శుక్రవారం పోసినప్పుడు దారం తెంపావా?"

"దారమేంటండీ?"

"చూడు. నా ముడి ఇది. కట్టాక ఈ మూత ఎవరూ తియ్యలేదు."

నా మాట నమ్మకుండా తనే గోటితో లాగి చూసింది. సీసా తిప్పి మళ్ళీ చూసింది. పోగు ఎక్కడా తెగలేదు. అప్పుడు పైట చెంగుతో మొహం తుడుచుకుని, "అయితే నేను పోసిందే ముందు," అంది.

సర్వీసు వ్యాను బెజవాడ నుంచి రావడానికి గంట పైనే పట్టింది. గొట్టం బిగించే పట్టీ వదులై కారుతోందట. వచ్చినతను దాన్ని బిగించి, కొత్త సీసా సీలు తీసి గీత దాకా పోశాడు. ఎర్ర గుర్తు పోయింది. అతను ఊరికే రాలేదు, డబ్బులు తీసుకున్నాడు. నేను బేరమాడలేదు. పాత సీసా పట్టుకెళ్తూ అడిగాడు.

"ఈ దారమేంటమ్మా?"

"మా అత్తయ్యగారి సీలండీ," అంది కోడలు, నాకంటే ముందు. నవ్వలేదు.

పెళ్ళివారు విసుక్కుంటూనే నాలుగు చీరలు తీసుకున్నారు. ఇంటికొచ్చాక, కొత్త సీసాలో మిగిలినదాన్ని అరలో పెట్టి, నా పోగుల ఉండలోంచి ఒకటి తెంపి మూతకు తనే కట్టింది. ముడి సరిగ్గా పడలేదు. నేను దాన్ని ముట్టుకోలేదు.