మూడు కాళ్ల ఇంజను

ఏసేపు నాలుగు రోజులుండి పోదామని సొంతూరికి వచ్చి నాలుగేళ్లు ఉండిపోయాడు.

అది 1955 ఎండాకాలం. అప్పటికతనికి ముప్పై అయిదేళ్లు. యుద్ధంలో బర్మా సరిహద్దుకు వెళ్లి, మిలిటరీ లారీల కింద పడుకుని వెల్డింగు నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక కడప లారీ షెడ్లలోనే బతికాడు. పెళ్లి చేసుకోలేదు. జమ్మలమడుగు దారిలోని ఆ ఊళ్లో అతనికి మిగిలింది తల్లి మద్దమ్మ ఒక్కతే. రెడ్డిగారి ఇంట్లో నలభై ఏళ్లుగా పశువుల కొట్టం ఊడ్చేది ఆమె. ఆమె గుడిసె ఉన్న జాగా కూడా ఆ ఇంటివాళ్లదే.

రెడ్డిగారి కొడుకు ఓబుళరెడ్డి మద్రాసులో చదువుకుంటూ కారు పందేల పిచ్చి అంటించుకొచ్చాడు. మద్రాసు పక్కన యుద్ధకాలం నాటి విమానాల మైదానంలో ఏటా ఆ పందేలు జరిగేవి. అతని దగ్గర రెండు సీట్ల పాత ఇంగ్లీషు కారొకటి ఉండేది. ఒళ్లు నాజూకు, ఇంజను నీరసం. మిలిటరీవాళ్లు వేలం వేసిన లారీ ఇంజనొకటి కొని తెచ్చి దాని పక్కన పెట్టాడు. ఏసేపు వచ్చాడని తెలియగానే కబురంపాడు.

"ఈ ఇంజను ఈ కార్లో కూర్చోవాలరా. నీతో అవుతాదా?"

ఏసేపు జానలతో ఇంజను పొడవు కొలిచాడు. పాతదానికంటే జానెడు ఎక్కువుంది, బరువు రెండింతలుంది. కారు కిందుండే రెండు పొడుగాటి ఇనుప దూలాలు దాన్ని అట్లే మోయలేవు. లోపల ఇంకో చిన్న చట్రం కట్టి, దూలాలకు బిగించి, దాని మీద ఇంజనును నిలపాలి. ఇదంతా తలలో గీసుకుంటూనే, "అవుతాది సామీ. నెల పడతాది" అనేశాడు.

ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

పాడుబడిన లారీ దూలాలు కోసి చట్రం చేశాడు. మలుపుల్లో కారు ముక్కు బరువెక్కకుండా ఇంజనును ఆరంగుళాలు వెనక్కి జరిపాడు. నాలుగు మూలలా నాలుగు ఇనుప కాళ్లు వెల్డు చేసి గట్టిగా బిగించాడు. పని సగంలో ఉండగా కర్నూలు నుంచి ఉత్తరమొచ్చింది. అక్కడ ఒక బస్సుల కంపెనీ షెడ్డులో మేస్త్రీ ఉద్యోగం. పదిహేనో తేదీలోగా చేరాలి. రాష్ట్రానికి రాజధాని అయ్యాక కర్నూలులో బస్సులు పెరిగాయి, పనివాళ్లు చాలడం లేదు.

ఉత్తరం చూపిస్తే ఓబుళరెడ్డి కోప్పడలేదు. చదివి మడిచి తిరిగిచ్చాడు.

"పో. నేనొద్దంటానా? మీయమ్మను గూడా పిల్చుకపో. ఆ గుడిసె జాగాలో రాళ్లు దించుకుందామనుకుంటాండా."

ఏసేపు నేరుగా గుడిసెకు వెళ్లి తల్లినడిగాడు. మద్దమ్మ చాటలో కొర్రలు చెరుగుతూ తలెత్తలేదు.

"నేనాడికి రాను నాయనా. మీ నాయన ఈడనే పండుకోనుండాడు. నువ్వు పో."

పదిహేనో తేదీ వచ్చింది, పోయింది. ఆ రోజంతా ఏసేపు కారు కిందే పడుకుని, బిగించిన బోల్టులే మళ్లీ బిగించాడు.

కారు నడిచింది కానీ నలభై మైళ్ల వేగం దాటితే వణికేది. నడిపేది ఓబుళరెడ్డి. ఆ ఇంటి డ్రైవరు, ముసలి మౌలా సాహెబ్, పక్క సీట్లో కూర్చుని వచ్చి చెప్పేవాడు: "గడగడ కొట్టుకుంటాదప్పా. యాడనో నాకు తెల్లే." రెండోసారికి ఇంజను కాలొకటి చిట్లింది. అతికిస్తే మూడోసారి ఇంకొకటి చిట్లింది. వణుకు ఒకరికి తెలిసి, మందు ఇంకొకరు వేయడం ఎట్లా?

"నేనొక తూరి కూసుంటే తెలుస్తాది సామీ" అన్నాడు ఏసేపు చివరికి.

మౌలా సాహెబ్ నేల చూపులు చూశాడు. ఓబుళరెడ్డి ఏసేపు మొహం కేసి చూడలేదు, తోలు సీటు కేసి చూశాడు. "ఆ సీటు ఊడదీసి కింద కూసో" అన్నాడు.

ఏసేపు తన పానాతోనే సీటు బోల్టులు విప్పాడు. సీటును గోడకు ఆనించి, గుడ్డ కప్పి, కారు అడుగు చెక్కల మీద మోకాళ్లు గడ్డానికి ఆనేలా కూర్చున్నాడు. కారు కదిలాక చెక్కల సందులోంచి చెయ్యి దూర్చి చట్రాన్ని పట్టుకున్నాడు.

రెండు మైళ్లలో అర్థమైంది. చక్రం గుంతలో పడినప్పుడల్లా దూలం మెలిక తిరుగుతోంది. ఇంజను మాత్రం దానితోపాటు కదలడం లేదు. నాలుగు పక్కలా తనే కదలనివ్వకుండా బిగించాడు. ఆ గుంజులాటంతా కాళ్ల మీద పడుతోంది, కాళ్లు చిట్లుతున్నాయి. అరచేతిలో ఇనుము పెనుగులాట తెలిసింది. "ఆపండి సామీ" అని అరిచాడు.

నేల ఎట్లున్నా మూడు రాళ్ల పొయ్యి మీద కుండ నిలుస్తుంది. ఏసేపు నాలుగు కాళ్లూ కోసేశాడు. ముందు నడిమధ్యన ఒకటి, వెనక అటూ ఇటూ ఒక్కోటి పెట్టాడు. ఇంజను ఊగడానికి చోటుండాలని లారీ టైరు రబ్బరు కోసి కాళ్ల కింద రేకుల మధ్య ఇరికించాడు. ఊగి రేడియేటరుకు తగలకుండా అడ్డంగా ఒక కడ్డీ కట్టాడు. ఈసారి తిరిగొచ్చి మౌలా సాహెబ్, "అల్లా తోడు, పిల్లోల్ల ఉయ్యాలప్పా ఇది!" అని ఏసేపు భుజం మీద చెయ్యి వేశాడు.

మరుసటేడు మొదట్లో జరిగిన పందెంలో ఆ కారు మూడోదిగా వచ్చింది. మద్రాసు మెకానిక్కు ఒకాయన దాని కిందికి దూరి, చాలాసేపటికి లేచి, "ఈ చట్రం ఎవరు చేశారండీ?" అనడిగాడు.

"మా ఇంట్లోనే చేసినాం" అన్నాడు ఓబుళరెడ్డి.

రెండు బారల దూరంలో ఏసేపు రేడియేటరులో నీళ్లు పోస్తున్నాడు. నోరు తెరిచాడు. అమ్మ గుడిసె కళ్ల ముందు మెదిలింది. నీళ్లు పొంగి కాళ్ల మీద పడేదాకా అట్లే నిలబడిపోయాడు. ఆ మెకానిక్కు ఇంకో కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఊరికి వచ్చాక జరిగింది మద్దమ్మకు చెప్పాడు.

"నా గుడిసె కోసరమా నోరు మూసుకుంటివి?"

"మరి? రానంటివి గదమ్మా."

"నీకా కారు మింద పానముండాదని రానంటి. నేనడ్డమెందుకని. చెప్పుంటే ఆ పొద్దే మూట కట్టుకుందును గదరా!"

ఆమె అన్నది పూర్తిగా అబద్ధం కాదు. మద్రాసు నుంచి వచ్చే రైల్లో అతను ఆలోచించింది ఉద్యోగం గురించి కాదు, చట్రాన్ని ఇంకో రెండు వేళ్లు కిందికి దించడం గురించి. "ఈ వారం పోదాంలేమ్మా" అన్నాడు. ఆ వారంలోనే ఓబుళరెడ్డి ఇంకా పెద్ద ఇంజను తెప్పించాడు. ఊరికే చూసొద్దామని రెడ్డిగారి కారు షెడ్డుకు వెళ్లిన ఏసేపు పొద్దుగూకే వేళకు దాని కింద ఉన్నాడు. అట్లా ఇంకో మూడేళ్లు గడిచాయి. వెళ్దామనుకున్న ప్రతిసారీ ఆ ఇంట్లోవాళ్లు జాగా మాటెత్తేవారు. వాళ్లెత్తనప్పుడు కారులోనే ఏదో ఒకటి బాగుచెయ్యాల్సింది కనబడేది. మద్దమ్మ అడగడం మానేసింది.

1959లో ఓబుళరెడ్డికి పెళ్లయింది. మామగారికి పందేలు నచ్చలేదు. ఒక పొద్దున బొంబాయి నుంచి ఎవరో వచ్చి కారు తోలుకుపోయారు. ఏసేపుకు ఆ సంగతి ఖాళీ షెడ్డు చూశాకే తెలిసింది. "ఇంగ నీకీడ పనేముందిరా, పో" అన్నాడు ఓబుళరెడ్డి, మామూలుగా. నాలుగేళ్లు అతన్ని కట్టేసిన ఆ జాగా మాట అంత తేలిగ్గా తెగిపోతుందని ఏసేపు ఏనాడూ అనుకోలేదు. సంతోషం రాలేదు. షెడ్డు గడప మీద కూర్చున్నాడు.

తల్లీ కొడుకులు కర్నూలు చేరారు. కల్లూరు దగ్గర ఒక లారీ షెడ్డు యజమాని, సుంకప్ప అనే ఆయన, ఏసేపును ఎగాదిగా చూశాడు.

"ఇన్నేండ్లు ఏం పని చేసినావప్పా?"

"ఒక కారు చేసినా."

"ఒకటేనా?"

"ఒకటే."

సుంకప్ప నవ్వి, మూలనున్న బురద పట్టిన స్ప్రింగు పట్టీలు చూపించి ముందు అవి కడగమన్నాడు. ఏసేపు చొక్కా విప్పి మేకుకు తగిలించి, కిరసనాయిలు డబ్బా అందుకున్నాడు.