ఆముదం రాసిన చేతులు

పక్కింటి కోడలు తన కొడుకుని రోజూ పొద్దున సెంటరుకి తీసుకెళ్ళి సాయంత్రానికి ఇంటికి తెచ్చుకుంటుంది, బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లలకి మాటలూ పనులూ నేర్పే చోటది. మొన్న గుమ్మంలో నిలబడి, వాడేం తింటాడో, దేనికి బెదురుతాడో అక్కడి టీచర్లు తనని కూర్చోబెట్టి మరీ అడిగారని చెబుతుంటే నా మనసు ఎక్కడికో పోయింది. నా ఈడువాళ్ళకి తెలిసిందేగా, మా కాలంలో తల్లిని అడిగిన పాపాన పోయిందెవరు?

ఎనభైల్లో, పెళ్ళైన కొత్తలో, అద్దంకి అవతల ఒక మిషను హోములో ఆయాగా చేరాను. అలాంటి పిల్లల్ని అప్పట్లో జనం ఏమని పిలిచేవాళ్ళో ఇప్పుడెందుకు లెండి, నోరు రాదు. హోము మాత్రం అద్దంలా ఉండేది. అన్నాలు పెట్టేముందు ఎర్ర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోకపోతే వార్డెనమ్మ ఊరుకునేది కాదు. ఆవిడ మా అత్తగారికి పిన్ని వరస, కోపిష్టి, అయినా జ్వరమొచ్చిన పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చునే మనిషి. కొత్తగా చేరిన పిల్ల కుదురుకునేదాకా తల్లి కంటబడకూడదని, పడితే బెంగ పెట్టుకుంటుందని ఆవిడ నియమం.

ఒక ఏడు మిరపకోతలు మొదలయ్యే ముందు, మార్టూరు వైపు కూలితల్లి ఒకామె, తను చేలోకి పోతే చూసే దిక్కులేక, మాటలు రాని కూతుర్ని మా దగ్గర వదిలి వెళ్ళింది. పిల్ల పాలు తాగేది గానీ, ముద్ద నోటి దగ్గరికి తీసుకెళితే నా చెయ్యి వాసన చూసి విసిరికొట్టేది. బతిమాలాం, బుజ్జగించాం, కసిరాం కూడా, ఏం చేసినా మెతుకు దిగలేదు. చిక్కి శల్యమైపోయింది. చివరికి డాక్టరుగారు ఇక్కడ లాభం లేదు, మెంటలాసుపత్రికి పంపెయ్యమన్నారు. అక్కడ గదిలో పెట్టి తాళమేస్తారని మేం విని ఉన్నాం. పంపేముందు ఒకసారి చూసుకుంటుందని వార్డెనమ్మ తల్లికి కబురుపెట్టింది.

ఆమె చేలోంచి అలాగే వచ్చేసింది, కొంగు నిండా కాయల ఘాటు. సంగతి విని కాస్త ఆముదం ఉంటే ఇమ్మంది. అరచేతులకి పట్టించి, బూడిదతో రుద్ది కడిగి, రెండు చేతులూ పిల్ల ముక్కు దగ్గర పెట్టింది. పిల్ల వాసన చూసి నోరు తెరిచింది. అమ్మో, ఆ తినడం! పసితనంలో తల్లి కోతకెళ్ళొచ్చిన చేత్తో తినిపిస్తే మూతీ కళ్ళూ మండి అల్లాడిపోయిందట, అప్పట్నుంచీ మంట పోవడానికి రాసే ఆముదం వాసన తగిలితే గానీ ఆ చేతినైనా నమ్మదట. మేమేమో సబ్బుతో ఇంకా ఇంకా కడుక్కున్నాం.

మర్నాడు నేనూ ఆముదం రాసుకుని ముద్ద పెట్టాను. తింది! సంతోషం పట్టలేక తల్లి వైపు తిరిగితే, ఆమె స్తంభానికి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటోంది.

"నా చేత్తోనే తింటదనుకున్నానమ్మా. పోన్లే, ఇక నేను పోయినా తింటది," అంది.

మెంటలాసుపత్రి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పిల్ల మా దగ్గరే ఉండిపోయింది, కడుపులో పెట్టుకుని చూసుకున్నాం. ఇప్పుడు రోజులు మారాయి, మంచికే మారాయి, పగలు నేర్పించి సాయంత్రానికి తల్లికి అప్పగిస్తున్నారు. అప్పట్లో బిడ్డని బాగా చూడటమంటే ఉంచేసుకోవడమే అనుకున్నాం. నియమం సడలించాక ఆ తల్లి ఆదివారాలు వచ్చేది. అన్నాల వేళ గుమ్మం అవతలే నిలబడి, తన బిడ్డకి తను ఒక్క ముద్ద పెట్టుకోవచ్చా అని నన్ను అడిగేది.