జీడిపప్పుకు పచ్చకామెర్లు

2006లో వానలు మొదలైన రోజుల్లో కాశీబుగ్గ బస్టాండు దగ్గరున్న నా స్టూడియోకు ఒక వింత పని వచ్చింది. అప్పటికి ఫిల్ము కెమెరాను బీరువాలో పెట్టి డిజిటల్ కెమెరా కొని ఏడాది దాటింది. టెక్కలి నుంచి కంచిలి దాకా పందిట్లో పెళ్ళిళ్ళూ తీశాను, చర్చిలో పెళ్ళిళ్ళూ తీశాను. జీడిపప్పుకు ఫోటో తీయమని అడిగినవాళ్ళు మాత్రం అంతవరకు లేరు.

అడిగింది ఆదిలక్ష్మి, వరసకు నాకు మేనకోడలు. ఆమెకూ, ఆమె భర్త అప్పన్నకూ పలాసలో చిన్న జీడిపప్పు కార్ఖానా ఉండేది. పప్పు తయారు చేసి బ్రోకరుకు అప్పగిస్తే, అతను దాన్ని ఎవరి పేరుతో అమ్ముకునేవాడో వీళ్ళకు తెలిసేది కాదు. ఆ ఏడు బరంపురంలో ఒక మిఠాయి దుకాణం యజమాని, దీపావళికి బహుమతి పెట్టెలు కావాలి, ముందు నమూనా పెట్టెలు చూపించండి అన్నాడు. నచ్చితే పెట్టె మీద వీళ్ళ పేరే ఉంటుంది. బొమ్మతో పెట్టెలు అచ్చు వేయాలంటే వేలల్లో తీసుకోవాలని ప్రెస్సువాడు మొండికేశాడు. అందుకని ఉత్త తెల్ల పెట్టెలు కొని, మూతల మీద ఫోటో ప్రింట్లు అతికించాలనుకుంది.

"మావా, జనం మూత సూసే పెట్టి కొంటారు. పప్పు ఎలగున్నాదో అలగే రావాల. ఆ సేటుకి నచ్చకపోతే మళ్ళీ బ్రోకరు గుమ్మం కాడ నిలబడాల. అది నా వల్ల కాదు" అంది.

జీడిపప్పు వ్యాపారంలో రంగే కులం, రంగే గోత్రం. లేత మీగడ రంగులో ఉంటే మొదటి రకం. సెగ ఎక్కువై పసుపు తిరిగిందా, అది మాడు రకం. రుచిలో పెద్ద తేడా ఉండదు, ధరలో ఉంటుంది.

నీలం మీద తెలుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని ఆదిలక్ష్మి తన నీలం చీర పరిచి, దాని మీద పప్పు పోసింది. నేను వరండా నీడలో ఫోటో తీశాను. కంప్యూటరు తెర మీద చూస్తే ముత్యాల్లా ఉంది. సీడీలోకి ఎక్కించి, శ్రీకాకుళంలో నేను మామూలుగా ప్రింట్లు వేయించే కలర్ ల్యాబుకు బస్సులో పంపాను.

ప్రింట్లు వచ్చాయి. ఆదిలక్ష్మి కవరు విప్పి నిలువునా నీరైపోయింది.

"ఏటి మావా ఇది? నా పప్పుకి పచ్చకామెర్లు అంటించీసినావు!"

అప్పన్న ఒక ప్రింటు తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. "బాగానే ఉన్నాదే! బరంపురంలో ఏయించిన సెనగపప్పని అమ్ముకుందుం" అన్నాడు. భార్య ఒక చూపు చూసి ప్రింటు లాక్కుంది.

ల్యాబుకు ఫోను చేశాను. మెషిను నడిపే ప్రసాదు, కోర్సు చేసిన సర్టిఫికెట్టును గోడకు తగిలించుకున్నవాడు, "మెషిన్ ఆటోలో ఉంది సార్, రంగులు అదే చూసుకుంటుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఏం చూసుకుంటుందయ్యా? ఆటో అంటే సగటు. బొమ్మలో నీలం ఎక్కువుంటే, ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని, ఆ నీలాన్ని చంపడానికి బొమ్మంతా పసుపు పూస్తుంది. అది చీర అని దానికెవరు చెప్పారు? నేను ఏ కోర్సూ చదవలేదు. చీకటిగదిలో వేళ్ళు మాడ్చుకుని నేర్చుకున్నాను. ఫిల్ము రోజుల నుంచీ ఈ జబ్బు ఉన్నదే.

ఆటో తీసెయ్యమన్నాను. "తీసేస్తే అసలు రంగు ఎలా ఉండాలో నాకెలా తెలుస్తుంది సార్? నమూనా పంపండి" అన్నాడు. ఆ మాట న్యాయమే. పెళ్ళి ఆల్బములకు పట్టుచీర రంగు సరిగ్గా రావాలంటే, ఆ చీర రవికె గుడ్డలోంచి చిన్న ముక్క కత్తిరించి పంపే అలవాటు మాకు ఉండేది. దానికి చీటీ కూడా రాసేవాళ్ళం కాదు. అదే పద్ధతిలో గుప్పెడు పప్పు ప్లాస్టిక్ కవర్లో వేసి, సీడీ కవరుకు పిన్ను కొట్టి పంపించాను.

ఈసారి పప్పు గులాబీ రంగులో వచ్చింది. నేను ఫోను ఎత్తేలోగా ప్రసాదే చేశాడు. "పప్పు ఫస్ట్ క్లాస్ సార్! స్టాఫంతా తలా కాస్త తిన్నాం. నమూనా పంపడం మర్చిపోయినట్టున్నారు, అందాజుగా వేసేశాను."

పలాస మనిషి ఎక్కడికి వెళ్ళినా ఒక జీడిపప్పు పొట్లం పట్టుకెళ్తాడు. నేనూ అలాగే మర్యాదకు పంపాననుకున్నారు. తిన్నారు. ఇందులో నా తప్పేమిటో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆదిలక్ష్మి మాత్రం తలపట్టుకుంది. "రేపొద్దున్న ఆ సేటు కాడికి ఎల్లాల. ఈ గులాబీ పప్పు ఎట్టుకుని ఎల్తే కుక్కల్ని ఒగ్గుతాడు. పద మావా, మనమే ఎల్దుం."

ఇద్దరం శ్రీకాకుళం బస్సెక్కాం. ల్యాబులో ఆమె పప్పు కవరు విప్పగానే ప్రసాదు చెయ్యి చాచాడు. ఆమె చటుక్కున వెనక్కి లాక్కుంది. "తమ్ముడూ, ఇది సూడ్డానికి. తినడానికిది" అని సంచిలోంచి వేరే పొట్లం తీసి మెషిను మీద పెట్టింది.

ఆపైన పని సాఫీగా సాగింది. ఆ మెషినుకు నాలుగు మీటలు ఉంటాయి. మూడు రంగులకు, ఒకటి గాఢతకు. ఆటో ఆపించి, ముందు ఒక్క చిన్న ప్రింటు తీయించాను. ప్రసాదు దాన్ని ట్యూబులైటు కింద పెట్టి "కలిసిపోయింది సార్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. తెరకు సొంత వెలుగు ఉంటుంది. కాగితం మాత్రం చుట్టూ ఉన్న వెలుగునే అరువు తెచ్చుకుంటుంది. ట్యూబులైటు కింద కాగితం ఒకలా, పప్పు ఒకలా మారతాయి. రెండింటినీ గుమ్మం బయట నీడలోకి తీసుకెళ్ళి పక్కపక్కన పెడితే, ప్రింటులో ఇంకా పసుపు ఉంది. ఒక మెట్టు తగ్గించాం. మళ్ళీ గుమ్మం. గాఢత కాస్త పెంచాం. మళ్ళీ గుమ్మం. చివరికి ఆదిలక్ష్మి ఒక పలుకును తీసి ప్రింటు మీదే పెట్టి, "ఇప్పుడు ఏది పప్పో ఏది బొమ్మో నాకే తెలవట్నేదు" అంది. ఆ ప్రింటు వెనక ఆమెచేత సంతకం చేయించి, మిగతావన్నీ దాని ప్రకారమే వేయించాను.

మర్నాడు బరంపురంలో జరిగింది ఆమె నోటనే విన్నాను. సేటు పెట్టె చూసి పెదవి విరిచాడట. అతని దుకాణంలో ఉన్న వేరే కంపెనీ పెట్టె మూత మీద పప్పు మల్లెపూవులా ఉంది. దీని పక్కన మీది మబ్బుగా ఉందేం అన్నాడట. ఈమె రెండు పెట్టెల మూతలూ తీసిందట. ఆ పెట్టెలో మూత మీద ఒక రంగు, లోపల ఒక రంగు. ఈమె పెట్టెలో రెండూ ఒకటే. మూత చూసి కొని, లోపల చూసి తిరిగి తెచ్చేవాళ్ళతో అతను అప్పటికే విసిగిపోయి ఉన్నాడు. ఆమె ఆశపడినదాంట్లో సగానికే ఆర్డరు ఇచ్చాడు. పెట్టె మీద పేరు మాత్రం ఆదిలక్ష్మిదే.

ఆ తర్వాత నా స్టూడియో మూసేదాకా ఒక పద్ధతి పాటించాను. రంగు ముఖ్యమైన ఏ పనికైనా ముందు ఒక ప్రింటు తీయించి, వస్తువు పక్కన పెట్టి పగటి వెలుగులో చూసి, పనిచ్చినవాళ్ళ చేత సరే అనిపించుకున్నాకే మిగతావి వేయించేవాణ్ణి. మెషినుకు సగటు తెలుసు, వస్తువు తెలియదు. ఆ వస్తువు తెలిసిన మనిషి మెషిను పక్కన నిలబడాలి. నిలబడలేకపోతే, ఆ మనిషి ఒప్పుకున్న ప్రింటు అక్కడ ఉండాలి.