ఫరసాన్ దీవిలో వేసవి మకాం

గల్ఫ్ యుద్ధం ముగిసిన ఏడాది వేసవిలో, కంపెనీ పని మీద గల్ఫ్ వైపున్న హుఫూఫ్ నుంచి ఎర్రసముద్రంలోని ఫరసాన్ దీవికి వెళ్లాను. రేవులో టాక్సీ దొరక్కపోతే ఒక పెద్దాయన తన పికప్‌లో ఎక్కించుకున్నాడు. వెనకంతా మంచాలు, వంటపాత్రలు, రెండు మేకలు.

"ఇల్లు మారుతున్నారా?" అని వచ్చీరాని అరబ్బీలో అడిగాను.

"ఖస్సార్‌కి పోతున్నాం. ఖర్జూరాలు పండాయి కదా."

ఖస్సార్ అదే దీవిలో కూతవేటు దూరం. చుట్టూ పగడపు రాయి, ఉప్పునీళ్లు. అక్కడ మాత్రం బావుల్లో మంచినీళ్లు, ఖర్జూరపు తోటలు. ఏటా వేసవికి ఊరంతా అక్కడికి మకాం మారుస్తుందట. ఉన్నదే చిన్న దీవి, అందులో మళ్లీ విడిదా అని నవ్వొచ్చింది.

"కిందటి వేసవిలో కువైట్ శత్రువుల చేతికి పోయినప్పుడు హుఫూఫ్‌లో మేమంతా దేశం దాటే ఎగ్జిట్ వీసా కోసం పెట్టెలు సర్దుకుని కూర్చున్నాం. మరి మీరు?"

"మేమూ సర్దుకున్నాం," అన్నాడాయన గేరు మారుస్తూ. "ఖర్జూరాలు పండాయి కదా."